ఏసీ సీసా, నాన్ ఏసీ సీసా

మిర్చి యార్డులో తిరిగేవాడి ముక్కును ఎవరూ నమ్మరు. రోజంతా ఆ ఘాటులో ఉండి ఉండి అది ఎప్పుడో మొద్దుబారిపోయి ఉంటుందని అందరి అనుమానం. మా బావమరిది అయితే మొహం మీదే అనేశాడు, "నీకు బీరైనా బార్లీ నీళ్ళైనా ఒకటే బావా" అని. వాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. శనివారం సాయంత్రాలు బ్రూ పబ్బుల్లో కూర్చుని, గ్లాసులో ముక్కు పెట్టి "సిట్రస్ ఉంది, పైన్ ఉంది" అంటుంటాడు. పైన్ చెట్టును వాడు ఎప్పుడు చూశాడో, ఎప్పుడు వాసన పట్టాడో నాకు తెలియదు. పుట్టి పెరిగింది చిలకలూరిపేటలో.

నా పని గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మిగతాది అతకదు. గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి కంపెనీలో మచ్చులు చూసే ఉద్యోగం నాది, 19 ఏళ్ళుగా. టిక్కీ (మిర్చి బస్తా) కుట్టు విప్పి, పైన కనపడే కాయ వదిలేసి, అడుగుదాకా చెయ్యి పోనిచ్చి గుప్పెడు తీయాలి. పైకాయ ఎప్పుడూ అందంగానే ఉంటుంది. రంగు ఎలా ఉంది, తొడిమ పచ్చగా ఉందా నల్లబడిందా, తాలు ఎంత, తేమ ఎంత. చెవి దగ్గర ఊపితే గింజ గలగలలాడాలి. తర్వాత కాయ విరిచి వాసన చూడాలి. తేజ రకం వాసన వేరు, 334 రకం వాసన వేరు, బాడిగ రకానిది దాదాపు తియ్యటి వాసన. ఆ మీదట ల్యాబు. పొడిని అసిటోన్‌లో 16 గంటలు చీకట్లో ఉంచి, యంత్రంలో 460 నానోమీటర్ల కాంతి దగ్గర చదివితే ఆస్టా అనే రంగు విలువ వస్తుంది.

ఘాటు కొలవడానికి ఇప్పుడు యంత్రాలున్నాయి గానీ, 1912లో విల్బర్ స్కోవిల్ ఆ లెక్క మొదలుపెట్టినప్పుడు యంత్రం మనిషి నాలుకే. మిరప రసాన్ని పంచదార నీళ్ళలో పలచన చేసుకుంటూ పోవడం, రుచి చూసేవాళ్ళకి మంట తెలియకుండా పోయేదాకా. ఎన్ని రెట్లు పలచన చేస్తే మంట పోయిందో అదే లెక్క. అంచేత గ్లాసులో ముక్కు పెట్టేవాళ్ళని చూసి నేను నవ్వను. బావమరిదిని చూసి నవ్వుతాను, అది వేరే సంగతి.

మే చివర్లో, రోహిణి కార్తె మంట మీద వచ్చాడు వాడు. బెజవాడలో ఏదో పని చూసుకుని సాయంత్రానికి గుంటూరు చేరాడు. సంచిలో ఆరు సీసాలు. ఒక చిన్న క్రాఫ్ట్ బ్రూవరీ వాళ్ళ పేల్ ఏల్ అనే లేత రంగు బీరు, 330 మిల్లీలీటర్ల గోధుమరంగు సీసాలు. బ్రూవరీ పేరు రాయను. ఈ కథలో తప్పు వాళ్ళది కాదని నా నమ్మకం. కానీ రాస్తే చదివినవాళ్ళకి గుర్తుండిపోయేది ఆ పేరొక్కటే.

సీసా చేతికి రాగానే తిప్పి తేదీ చూశాను, అలవాటు. ఆరింటి మీదా అదే జనవరి, అదే బ్యాచ్ నంబరు. కానీ మూడు చల్లగా చెమట పట్టి ఉన్నాయి, మూడు వేడిగా ఉన్నాయి. అడిగితే చెప్పాడు. మొదటి దుకాణంలో గాజు తలుపు ఫ్రిజ్‌లో మూడే ఉన్నాయట. మిగతా మూడూ ఇంకో దుకాణంలో, షట్టర్ పక్కన పడేసిన అట్టపెట్టెలోంచి తీసిచ్చారట. "ఫ్రిజ్‌లో పెడితే అన్నీ ఒకటే కదా" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకో యార్డు ముఖం ఎరిగినవాళ్ళకి ఈపాటికి అర్థమై ఉంటుంది.

మా దగ్గర రెండే మాటలు, ఏసీ, నాన్ ఏసీ. ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టి తీసిన కాయ. నాన్ ఏసీ అంటే బయట నిలవున్నది. గుంటూరు చుట్టూ వందకు పైగా కోల్డ్ స్టోరేజీలు ఎందుకున్నాయంటే, ఎండుమిర్చి రంగుకు వెలుతురు, గాలి, వేడి మూడూ పడవు. ఫిబ్రవరిలో కళ్ళు జిగేల్‌మనే కాయ, బయట వదిలేస్తే వానలు పడేనాటికి ఇటుక రంగుకు వస్తుంది. చేలో అదే కాయ, కోసింది అదే రోజు. ధర పట్టికలో మాత్రం వేరు వేరు వరసలు. ఇప్పుడు ఒకే బ్యాచ్ బీరు, ఒకటి ఏసీ, ఒకటి నాన్ ఏసీ, వాటంతటవే నడిచి మా ఇంటికొచ్చాయి. ఇలాంటి మచ్చు అడిగినా దొరకదు.

నాన్ ఏసీ మూడింటి మూతల మీదా పెన్నుతో గీత గీసి, ఆరింటినీ ఫ్రిజ్‌లో పెట్టాను, తాగే వేడి సమానంగా ఉండాలని. ఎనిమిదింటికి మేడ మీదకి ఎక్కాం. కింద అమ్మ సీరియల్ చూస్తోంది. అమ్మకు తెలుసు, అమ్మకు తెలుసని మాకూ తెలుసు, ఎవరమూ ఆ మాట ఎత్తం.

మొదటి తగాదా చల్లదనం మీద. మన దగ్గర బీరంటే చిల్డ్, సీసా పట్టుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కాలి. మామూలు స్ట్రాంగ్ బీరుకు అది సరిపోతుంది. అందులో దాచుకోవాల్సిందే ఎక్కువ. పేల్ ఏల్‌ని అంత చలవలో తాగితే నాలుకకు చేదు ఒక్కటే తెలుస్తుంది, వాసన గ్లాసులోంచి లేవదు. ఏడెనిమిది డిగ్రీల నుంచి పది దాకా ఉండాలి. ఆ రాత్రి మేడ మీద గాలికి పది నిమిషాలు చాలింది.

రెండోది గ్లాసుల మీద. మా ఆవిడ తళతళలాడేలా తోమి తెచ్చింది. బావమరిది పోస్తే నురుగు లేచినట్టే లేచి చప్పబడిపోయింది. సబ్బు జిడ్డు మిగిలితే నురుగు నిలవదు. "తోమకపోతే తోమలేదంటారు, తోమితే తోమానంటారు" అనుకుంటూ మళ్ళీ కిందకి వెళ్ళి ఉత్త నీళ్ళతో నాలుగుసార్లు తొలిచి తెచ్చింది. ఈసారి వేలెడు మందాన తెల్లటి నురుగు నిలబడింది.

అప్పుడు అసలు పరీక్ష. మా ల్యాబులో కారం పొడికి చేసేదే. మూడు గ్లాసుల్లో రెండింటిలో ఒకే సరుకు, మూడోదాంట్లో వేరేది. ఆ వేరేది ఏదో పట్టుకోవాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒక్కసారితో తేలదు, నాలుగుసార్లు పెట్టుకున్నాం. రంగు చూసి కనిపెట్టకుండా స్టీలు గ్లాసులు. అడుగున గుర్తుకు మా ఆవిడ స్టిక్కర్ బొట్లు, ఏసీకి ఎర్రది, నాన్ ఏసీకి నల్లది. బావమరిది వాటర్ ట్యాంకు వెనక్కి వెళ్ళి పోసుకొచ్చేవాడు. రెండు గుటకలంత.

మా ఆవిడ తాగదు. "వాసన వరకైతే నేనూ చూస్తా" అని కూర్చుంది.

ఫలితం చెప్పేస్తాను. నేను నాలుగింట మూడు పట్టుకున్నాను. ఆవిడ నాలుగుకి నాలుగు. ఊరికే చెబితే అలా కుదరడం 81లో ఒకసారి. పైగా నాకు ఒక్కో గ్లాసుకు అర నిమిషం పట్టింది, ఆవిడ ముక్కు ఇలా పెట్టి అలా తీసి, గ్లాసు పక్కకి జరిపేది. ఏం తేడా ఉందని అడిగాను. "ఇందులో మీ నాన్నగారి పుస్తకాల బీరువా ఉంది" అంది.

నేను చెప్పాలని వెతుక్కుంటున్న మాట అదే. బీరులో ప్రాణవాయువు కొంచెం మిగిలిపోయి, దానికి వేడి తోడైతే, తడిసి ఆరిన అట్టముక్క వాసన వస్తుంది. ట్రాన్స్-2-నోనినాల్ అనే పదార్థం అది, నీటిలో కోట్ల పాళ్ళలో ఒక పాలు ఉన్నా ముక్కు పసిగడుతుంది. పుస్తకాల్లో దాన్ని తడి అట్ట అంటారు. మా ఆవిడ ఏ పుస్తకమూ చదవకుండా పుస్తకాల బీరువా అంది. పప్పులో పుచ్చు, బియ్యంలో ముక్క వాసన, నూనెలో సిక్కు, ఇవన్నీ డబ్బా మూత తీస్తూనే చెప్పేస్తుంది. 19 ఏళ్ళుగా నాకు జీతం ఇస్తున్నారు గానీ, ఇంట్లో రెండో ముక్కునే నేను.

ఇక గాజు గ్లాసుల్లో పోసుకుని తీరిగ్గా చూశాం.

ఏసీ సీసా. రంగు లేత తేనె రంగు, దీపం కింద పెడితే వెనక వేళ్ళు కనపడేంత తేట. ముక్కు దగ్గరికి తెస్తే ముందు బత్తాయి తొక్క గోటితో గిల్లినప్పటి వాసన, దాని వెనక పంపరపనస. ఇంకాస్త వేడెక్కాక సన్నగా ధనియాలు. ఇది నా ఊహ కాదు. ధనియాల నూనెలో ఎక్కువ భాగం లినలూల్ అనే పదార్థం, బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వు నూనెలోనూ లినలూల్ ఉంటుంది. హాప్స్‌లో ఉండే ఇంకో నూనె మిర్సీన్, అది మామిడి వాసనలో కూడా ఉంది. పైన్ చెట్టు ఎక్కడో ఉన్నా, ధనియాలు, మామిడి మన ఇంట్లోవే కదా, ఆ పేర్లే వాడుకోవచ్చుగా అన్నాను బావమరిదితో. వాడు ఇంకోసారి వాసన చూసి "మామిడేం లేదు" అన్నాడు. సరే, మామిడి లేదు.

గుటక వేస్తే ముందు బార్లీ తీపి, కాల్చిన రొట్టె అంచు లాంటిది. ఆ వెంటనే చేదు. కాకరకాయలా నాలుక వెనక పట్టుకుని వేలాడే చేదు కాదు. దబ్బకాయ తొక్క చేదులా వచ్చి, కాసేపు కూర్చుని, లేచి వెళ్ళిపోతుంది. వెళ్ళాక నోరు పొడిగా అయి ఇంకో గుటక అడుగుతుంది. మంచి పేల్ ఏల్‌కి అదే లక్షణం. దీన్లో నాకు నచ్చనిది ఒకటుంది, మధ్యలో రుచి పలచబడింది. తీపి అయిపోయాక, చేదు వచ్చేలోపు ఒక ఖాళీ. చారులో పప్పుకట్టు తగ్గినట్టు.

నాన్ ఏసీ సీసా. రంగు ఒక చాయ ముదురు, రాగికి దగ్గర. నురుగు బాగానే ఉంది. వాసనలో బత్తాయి పోయింది. నిలవ తేనె, దాని కింద ఆ పుస్తకాల బీరువా. రుచిలో చేదు మాత్రం ఉంది, పండు లేని తొక్కలా. ఇది తాగితే చచ్చిపోరు, కడుపునొప్పి కూడా రాదు. కానీ పేల్ ఏల్‌లో ఏది చూసి డబ్బు పెడతామో అది లేదు. దాని ధర మామూలు బీరుకు దాదాపు రెట్టింపు, ఆ అదనమంతా హాప్స్ వాసనకే.

ఈ హాప్స్ సంగతి కొంచెం చెప్పాలి. ఇది తీగ మీద కాసే ఆకుపచ్చ పువ్వు, గంజాయి కుటుంబంలోది, ఆ మత్తు ఉండదు. మన మైదానాల్లో కాయదు, వేసవిలో పొడుగు పగళ్ళు కావాలి దానికి. మన దేశంలో హిమాచల్‌లో లాహుల్ వైపు పండించారు. బార్లీ రసంలో వేసి గంటసేపు మరిగిస్తే చేదు దిగుతుంది, వాసన మొత్తం ఆవిరైపోతుంది. అందుకే వాసన కోసం కొంత ఆఖర్లో వేస్తారు, కొంత పులిసాక చల్లగా ఉన్నప్పుడు వేసి నానబెడతారు. పప్పులో వేసిన మిరపకాయ వేరు, దించాక పెట్టే పోపు వేరు, అంతే. పోపు వాసన ఎంతసేపు నిలుస్తుందో మనకు తెలుసు. బ్రూవరీ వాళ్ళలో ఒక మోటు లెక్క ఉంది, 3, 30, 300 అని. బీరుకు 32 డిగ్రీల్లో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు, మూడూ ఒకే ముసలితనం. ఇప్పుడు బెజవాడ మే నెలలో షట్టర్ పక్కన అట్టపెట్టె ఎన్ని డిగ్రీల్లో ఉండి ఉంటుందో మీరే వేసుకోండి. 32 కావాలంటే అక్కడ తెల్లవారుజామున నిలబడాలి.

నవ్వొచ్చే సంగతేమిటంటే, ఈ జాతి బీరుకు పేరు తెచ్చింది మన దేశ ప్రయాణమే. పేల్ అన్నది బార్లీ రంగుకు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో కట్టెల పొగ బదులు కోక్ అనే పొగ రాని బొగ్గు మీద మాల్ట్‌ని (మొలకెత్తించిన బార్లీని) ఆరబెట్టడం నేర్చాక లేత రంగు బీరు కుదిరింది. తర్వాత లండన్ బో ప్రాంతంలో హాడ్జ్‌సన్ బ్రూవరీ వాళ్ళు, ఆ తర్వాత బర్టన్ ఊరివాళ్ళు ఈస్టిండియా కంపెనీ ఓడల్లో మద్రాసుకీ కలకత్తాకీ పంపారు. 1869లో సూయజ్ తెరిచేదాకా ఆఫ్రికా చుట్టు తిరిగి నాలుగైదు నెలల ప్రయాణం. పాడవకుండా ఉండేందుకు హాప్స్ దండిగా వేసేవారు. బర్టన్ నీళ్ళలో జిప్సం ఎక్కువ, చేదు పదునుగా తేలేది. మనం వేరుశనగకి చల్లే జిప్సమే. మా బోరు నీళ్ళలో కూడా ఏదో ఎక్కువే, కాకపోతే దానికి టీ కూడా కుదరదు. 1611లో ఆ కంపెనీవాళ్ళు మన బందరులో కోఠీ పెట్టారు. అప్పటికి పేల్ ఏల్ పుట్టలేదు, లేకపోతే మొదటి పీపా కృష్ణా జిల్లాలోనే దిగేది.

ఓడలో ఐదు నెలలు తట్టుకున్న జాతి, అట్టపెట్టెలో ఎందుకు తట్టుకోలేదని బావమరిది పాయింటు తీశాడు. మంచి పాయింటే. అప్పటివాళ్ళు మెచ్చుకున్నది చేదు, తేట. పీపాలో పండితే బాగుండేది. ఇప్పుడు మనం తాగేది అమెరికా దారిలో వచ్చినది. అక్కడ 1972లో కాస్కేడ్ అనే హాప్స్ రకం విడుదలైంది, 1980లో సియెర్రా నెవాడా బ్రూవరీ వాళ్ళు దాన్ని గుప్పించి పేల్ ఏల్ చేశారు, పంపరపనస వాసన అప్పట్నుంచే ఈ పేరుకు అతుక్కుంది. చేదు నిలుస్తుంది, పంపరపనస నిలవదు. తేజ కూడా అంతే. ఏడాది బయట పడేసినా మంట మంటే. పోయేది రంగు, దాంతోపాటు ధర.

ఈ పూట నేను వద్దనుకున్న సంగతి ఒకటి ఇక్కడే గుర్తొచ్చింది. కొన్నేళ్ళ కిందట మా బాబాయి కాయ మా కంపెనీకే వచ్చింది. అమరావతి రోడ్డులో ఆయనది రెండెకరాల కౌలు. ఆ ఏడు కోల్డ్ స్టోరేజీలు నిండిపోయి చోటు దొరక్క, వాకిట్లో పట్టా కింద రెండు నెలలు పెట్టుకున్నాడు. మధ్యలో ఒక జల్లు. కోసిన రోజు ఆ కాయని నేను చూశాను, డీలక్స్ గ్రేడు. మచ్చు నా బల్ల మీదకి వచ్చిన రోజు చీటీ మీద నా చేత్తోనే మీడియం అని రాశాను. చేతిలో ఉన్న కాయకి మార్కు వెయ్యాలి గానీ, కోసిన రోజుకి కాదు. అది పద్ధతి. బాబాయి ఆ తర్వాత ఏమీ అనలేదు. పిన్ని మాత్రం ఆ సంక్రాంతికి అరిసెలు పంపలేదు.

బీరు మార్కుల చీటీ కూడా అలాంటిదే. అమెరికాలో 1985లో మొదలైన బీజేసీపీ అనే న్యాయనిర్ణేతల సంస్థ వాళ్ళ చీటీలో మొత్తం 50, వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో తెలిసే బరువుకి 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. ఏసీ సీసాకి 7, 3, 13, 4, 6 వేశాను, 33. నాన్ ఏసీకి 4, 2, 7, 3, 3, మొత్తం 19. ఒకే రోజు, ఒకే తొట్టిలో పులిసిన బీరుకు 14 మార్కుల తేడా. సీసాకి రవాణా మార్కు, గోడౌను మార్కు అనే గడి ఆ చీటీలో లేదు. మా చీటీలోనూ లేదు.

బజ్జీల ముచ్చట. బ్రాడీపేటలో మా లైను చివర బండి మీద తెచ్చాడు బావమరిది, పేల్ ఏల్‌కి అదిరిపోతుందని ఎక్కడో విన్నాడట. వామూ చింతపండూ కూరిన బజ్జీ, లోపల గింజ తీయనిది. ఒక కొరుకు, ఒక గుటక, ఇక చూడాలి వాడి మొహం. మిరప మంట, గ్యాసు చురుకు, రెండూ ఒకే నరం మోసుకెళ్ళే కబుర్లు. పైగా ఆల్కహాలు ఆ మంటని ఇంకాస్త రెచ్చగొడుతుంది. మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ ఆల్కహాల్లో కరుగుతుంది నిజమే, కానీ ఐదు శాతం ఆల్కహాలున్న బీరు అంటే తొంభై శాతం పైన నీళ్ళే, అది కరిగించేదేం లేదు. మంట చల్లారాలంటే పాలు, పెరుగు. మా ఆవిడ నవ్వుకుంటూ కిందనుంచి మజ్జిగ తెచ్చింది. నాలుగో పరీక్షలో నేను తప్పింది ఆ బజ్జీ వల్లే, అదీ ఇక్కడే చెప్పేసుకుంటున్నా. ఈ బీరుకి వేయించిన వేరుశనక్కాయలు చాలు, ఉప్పు కాస్త తగిలితే చేదు మెత్తబడుతుంది.

వాడికి ఆఖరికి వచ్చిన అభిప్రాయం "కిక్ లేదు బావా." సీసా మీద ఆల్కహాలు 4.8 శాతం అని ఉంది. అది చూసి కొన్నది నువ్వే కదరా అన్నాను.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం, మిగిలిన ఒక్క ఏసీ సీసా తీసి సగం గాజు గ్లాసులో పోసి ఎండలో పిట్టగోడ మీద పెట్టాను, సగం లోపల ఉంచాను. వెలుతురు తగిలితే హాప్స్ చేదులోంచి గంధకం వాసన పుడుతుంది, సీసాలు గోధుమరంగులో ఉండేది అందుకే. పది నిమిషాలకి తెచ్చి మా ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. ఈసారి మాట కూడా అనలేదు, చేత్తో అవతలికి తోసేసింది. కాలిన రబ్బరు, పక్కన వెల్లుల్లి పొట్టు. పది నిమిషాలు. ఆకుపచ్చ సీసాల్లో అమ్మేవాళ్ళ ధైర్యం గొప్పది.

నాన్ ఏసీది ఒక్క సీసా మిగిలింది. ఆ వారం కంపెనీ పని మీద బెజవాడ వెళ్ళాల్సి వచ్చి, సంచిలో వేసుకుని ఆ రెండో దుకాణానికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. షట్టర్ పక్కన అట్టపెట్టె అక్కడే ఉంది, పన్నెండింటి ఎండ సగం దాకా పాకి ఉంది. కౌంటర్లో ఉన్న కుర్రాడికి సీసా చూపించి, ఇది లోపల చల్లగా పెట్టాలమ్మా, వాసన పోతుంది అన్నాను.

"ఫ్రిజ్‌లో స్ట్రాంగే పట్టట్లేదు సార్" అన్నాడు. "ఇది నెలకి నాలుగైదు పోతాయి అంతే. అయినా ఏమైంది దీనికి?"

సీసా తీసుకుని తిప్పాడు. లేబుల్ మీద బొటనవేలు పెట్టి తేదీ చూపించాడు. జనవరిలో చేసినది, ఆరు నెలల గడువు. గడువు అయిపోవడానికి ఇంకా నెల పైనే ఉంది.